వేషం కట్టి చేసిన సేవకి తుపాకీ తగిలించకండి

సంపాదకులకు,

సైన్యంలో పనిచేసిన సినిమా నటుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. మంచి విషయం తీసుకున్నారు. గిద్దలూరు, కొమరోలు పక్క పల్లెల్లో ఫౌజీలున్న ఇళ్ళు ఎక్కువ. అక్కడ ఇలాంటి వ్యాసాన్ని సినిమా కబురులా చదివి పక్కన పెట్టరు. ర్యాంకేమిటి, యూనిటేమిటి, ఎన్నేళ్ళ సర్వీసు అని వేలు పెట్టి మరీ చూస్తారు. అలా చూసినప్పుడే తేడా బయటపడింది. అమెరికన్ నటుడు జేమ్స్ స్టువర్ట్‌నీ, బ్రిటిష్ నటులు జాక్ హాకిన్స్‌నీ, పీటర్ సెల్లర్స్‌నీ ఒకే గాటన కట్టేసి, ముగ్గురూ రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుతో తలపడ్డారని రాశారు. ముగ్గురూ యూనిఫాం వేసుకున్న మాట నిజం. కానీ ఆ ముగ్గురిలో పేరు పడింది పోరాటం వల్ల ఒక్కరికే. మిగతా ఇద్దరికీ యుద్ధంలో గుర్తుండిపోయిన పని వేరు. అది తక్కువ పనేమీ కాదు. దాన్ని దాని పేరుతోనే పిలవమని అడగడానికే ఈ ఉత్తరం.

స్టువర్ట్ సంగతి తేలిక. 1940లో బరువు చాల్లేదని వెనక్కి పంపేశారు. మరుసటి ఏడాది మార్చిలో మామూలు సిపాయిగా చేరారు. విమానం నడపడం ముందే వచ్చు కాబట్టి 1942 జనవరికల్లా కమిషన్, అంటే అధికారి హోదా, వచ్చింది. 1943 నవంబరులో 445వ బాంబర్ గ్రూపుతో ఇంగ్లండులోని టిబెన్‌హామ్ స్థావరానికి చేరి, బీ-24 బాంబర్ల మీద 20 దాడులకు వెళ్ళారు. 1945 మార్చికి కల్నల్ అయ్యారు, 1959లో రిజర్వు దళంలో బ్రిగేడియర్ జనరల్ అయ్యారు. చేరిన కొత్తలో రేడియోలోనూ, రిక్రూట్‌మెంట్ కోసం తీసిన ఒక చిన్న చిత్రంలోనూ కనిపించారు గానీ సైన్యంలో ఆయన పని నటన కాదు. ఈయన గురించి మీరు రాసింది సబబే.

హాకిన్స్ కథ వేరు. 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' చూసినవాళ్ళకి అందులో మేజర్ వార్డెన్‌గా గుర్తుంటారు. 1910లో లండన్‌లో పుట్టి, చిన్నతనంలోనే రంగస్థలం ఎక్కిన మనిషి. 1940లో రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్‌లో చేరారు. ఆ పటాలం నుంచి భారతదేశానికి వచ్చారు. 1944 నుంచి ఆయనకి అప్పగించిన పని, భారతదేశంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఎన్సా కార్యక్రమాలన్నిటినీ నడపడం. కల్నల్ హోదాతో 1946లో సైన్యం నుంచి బయటికి వచ్చారు.

ఎన్సా అంటే సైనికుల వినోదం కోసం 1939లో బాసిల్ డీన్, లెస్లీ హెన్సన్ అనే ఇద్దరు రంగస్థల ప్రముఖులు మొదలుపెట్టిన బ్రిటిష్ సంస్థ. లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటరు దాని కేంద్రం. అందులో ఆడి పాడినవాళ్ళు చాలామంది సివిలియన్లే. యూనిఫాం ఇచ్చింది ఎందుకంటే, శత్రువు చేతికి చిక్కితే గూఢచారులని కాల్చకుండా యుద్ధఖైదీలుగా చూడాలని. యూనిఫాంలో ఫొటో కనపడగానే 'పోరాడిన నటి' అని రాసేసే పొరపాటు ఇక్కడే పుడుతుంది. భారతీయ సిపాయిల కోసం అలాంటిదే ఫౌజీ దిల్‌ఖుష్ సభ ఉండేది. మన భాషల్లో ఆ రోజుల గురించి రాసేటప్పుడు దాని పేరు ఎవరూ ఎత్తరు. మీ వ్యాసమూ ఎత్తలేదు.

సెల్లర్స్ సంగతి మూడో రకం. 1943లో పద్దెనిమిదేళ్ళ వయసులో బ్రిటిష్ వైమానిక దళంలోకి వెళ్ళారు. పైలట్ కావాలని ఆశ, చూపు చాలక నేల మీద పనికే పరిమితమయ్యారు. అక్కణ్ణించి రాల్ఫ్ రీడర్ నడిపే వైమానికదళ వినోద బృందం గ్యాంగ్ షోలో చేరి భారతదేశం, సిలోను, బర్మా తిరిగారు. డ్రమ్స్ వాయించడం, అధికారుల గొంతులు అనుకరించి నవ్వించడం ఆయన పని. అంటే ఎన్సా వాళ్ళలా సివిలియన్ కాదు, నిజంగానే సర్వీసులో ఉన్న ఎయిర్‌మన్. ఆ సర్వీసులో ఆయనకిచ్చిన డ్యూటీయే నాటకం. బర్మాలో ఉన్నారంటే బర్మాలో పోరాడారని అర్థం కాదు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, ఫ్రంటు దగ్గర ఒక గంట కార్యక్రమం నిలబెట్టడానికి ఏం కావాలో తెలియాలి. మాకు తెలిసిన రంగస్థలం పనితో పోల్చి చెబుతాం.

స్టేజి అంటే చాలాచోట్ల లారీయే. వెనక తలుపు, పక్క పలకలు దించేస్తే అదే వేదిక. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే ఇబ్బంది లేదు. ముగ్గురు అడుగులేస్తే మాత్రం కమాన్లు ఊగుతాయి, లారీతోపాటు వాయిద్యమూ ఊగుతుంది. చక్రాలకి రాళ్ళు పెడితే లారీ ముందుకీ వెనక్కీ కదలదు గానీ ఊగడం ఆగదు. చాసిస్ కింద నాలుగు మూలలా దుంగలు బిగిస్తేనే ఆగుతుంది. మన ఊళ్ళల్లో చవితి పందిళ్ళ దగ్గర ట్రాక్టరు ట్రక్కు మీద వేషాలు వేయించేవాళ్ళకి దీనికంటే పెద్ద ప్రమాదం ఉంది. రెండు చక్రాల ట్రక్కుని ట్రాక్టరు నుంచి విప్పేసి నిలబెడితే, అందరూ వెనక అంచుకి వచ్చిన క్షణంలో ముందు కొక్కెం గాల్లోకి లేస్తుంది. ట్రాక్టరుకి తగిలించే ఉంచాలి, వెనక అంచు కింద కూడా దుంగ పెట్టాలి.

తర్వాతి చిక్కు గొంతు. హాల్లో వెనక గోడ మాటని ముందుకి తోస్తుంది. బయలులో ఆ సాయం ఉండదు. మైకు లేకుండా వంద అడుగులు దాటితే హల్లులు రాలిపోయి అచ్చులే మిగులుతాయి. పాట చేరుతుంది, జోకు చేరదు. అందుకని వేదిక వెనక గట్టో, గోడో ఉండేలా చూస్తారు. చెట్ల తోపు పనికిరాదు, ఆకులు శబ్దాన్ని మింగేస్తాయి. గాలి నటుల వైపు నుంచి జనం వైపు వీచాలి. జనం వాలు మీద కూర్చుంటే ఇంకా మంచిది. జనరేటరు ఉంటే గాలి దిగువన, వీలైనంత దూరంగా, మధ్యలో ఏదన్నా అడ్డు ఉండేలా పెట్టాలి. ఆ రోజుల్లో ఆంప్లిఫయర్లన్నీ వాల్వులవే, అంటే గాజు గొట్టాలవే. గతుకుల దారిలో వాల్వులు సాకెట్లలోంచి సడలిపోతాయి, తేమకి కాంటాక్టులు చిలుం పడతాయి. వాల్వులు ఊడదీసి విడిగా గుడ్డలో చుట్టి తీసుకెళ్ళి, ఆట దగ్గర బిగించి, పావుగంట ముందే వేడెక్కించాలి. అది మర్చిపోతే మొదటి పాట సగంలో మైకు గురగురమంటుంది.

1944లో బ్రిటిష్ గాయని వేరా లిన్ బర్మా ఫ్రంటుకి వచ్చినప్పుడు పియానో వాద్యకారుడితోపాటు ఒక చిన్న పియానోని కూడా లారీలో తిప్పారు. పియానో లోపల తీగలన్నీ గట్టిగా లాగి ఉంటాయి, వాటిని పట్టి ఉంచేది చెక్కలో దిగ్గొట్టిన మేకులు. వాన తేమకి చెక్క ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, దారి కుదుపుకి మేకులు వదులవుతాయి. శ్రుతి ఒక్కలా చెడదు, ఒక్కో తీగ ఒక్కోలా చెడుతుంది. జిగురుతో అంటించిన మెట్లు ఊడొస్తాయి. అలాంటి వాయిద్యం మీద శ్రుతి పట్టుకుని పాడాలంటే గాయని చెవి ఎంత గట్టిదై ఉండాలో మన పద్య నాటకం వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన లెగ్ హార్మోనియం ఈ విషయంలో నయం. ఇత్తడి రీడ్లు తేమకి శ్రుతి మారవు. వాటికి పట్టే జబ్బు దుమ్ము: రీడుకీ దాని గాడికీ మధ్య ఇసుక రేణువు పడితే ఆ స్వరం పలకదు, లేకపోతే జీరగా పలుకుతుంది. పలచటి కాగితం ముక్క రీడు కింద దూర్చి మెల్లగా లాగితే పోతుంది. గట్టిగా గీకితే మాత్రం శ్రుతి శాశ్వతంగా పోతుంది. బెలోస్ (గాలి తిత్తి) మడతల్లో చిల్లు పడితే పలచటి తోలు, జిగురు వెంట ఉండాల్సిందే. తేమకి తట్టుకోనిది డోలక్. చర్మం సడలి బొదబొదలాడుతుంది. ఆట ముందు నిప్పు సెగ చూపిస్తే అరగంట ఆగుతుంది, అంతే.

రంగు సంగతి. కొవ్వుతో చేసిన స్టేజి రంగు వేడికి కరిగి చెమటతో కలిసి కళ్ళల్లోకి దిగుతుంది. పలచగా పూసి, పైన పౌడరు అద్ది, తడిగుడ్డతో ఒత్తి అదనం తీసేస్తే కాస్త నిలుస్తుంది. గంట ముందు వేసుకుంటే వృథా, ఆటకి పావుగంట ముందు చాలు. స్పిరిట్ గమ్‌తో అంటించిన మీసం చెమటకి ఊడొస్తుంది. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, గమ్ పూసి, అది జిగటగా మారేదాకా ఆగి అప్పుడు ఒత్తాలి. తొందరపడి తడి గమ్ మీద అంటించినవే స్టేజి మీద రాలతాయి. బర్మాలో ఇంకో చిక్కు: మలేరియా రాకుండా రోజూ మింగే మెపాక్రిన్ మాత్రలకి ఒళ్ళు పసుపుపచ్చగా మారేది. సిపాయిలకీ అంతే, వాళ్ళని నవ్వించడానికి వచ్చినవాళ్ళకీ అంతే. పొద్దు గూకితే చొక్కా చేతులు దించుకోవాలన్న నియమమూ ఇద్దరికీ ఒకటే.

వేళ కూడా కళాకారుల ఇష్టం కాదు. రాత్రి దీపం విమానాలకి గుర్తు. అందుకని ఫ్రంటు దగ్గర ఆట పొద్దుండగానే ముగించాలి. సాయంత్రం ఎండలో వేదిక పడమర ముఖంగా ఉంటే వెలుతురు నటుల ముఖాల మీద పడుతుంది, జనానికి కళ్ళు చిట్లించే అవసరం ఉండదు. నటులు మాత్రం సూర్యుణ్ణి చూస్తూ ఆడాలి. దీన్ని తిరగేసి పెడితే జనానికి నల్లటి నీడలే కనిపిస్తాయి.

ఇక ఏం ఆడాలి? ఇక్కడే అనుభవం లేని నిర్వాహకులు దెబ్బతింటారు. మూడంకాల నాటకం తీసుకెళ్తే రెండో అంకంలో సైరన్ మోగుతుంది, లేదా వాన పడుతుంది, లేదా సగం మందికి డ్యూటీ పిలుపొస్తుంది. మళ్ళీ కూర్చోబెట్టినా కథ అతకదు. నాలుగైదు నిమిషాల తునకలుగా కూర్చిన కార్యక్రమమైతే ఎక్కడ ఆగినా నష్టం లేదు, ఎక్కణ్ణించైనా ఎత్తుకోవచ్చు. ఎన్సాలో అలాంటి కార్యక్రమాలు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే. ఇందులో నాసిరకం ఆటలూ లేకపోలేదు. ఎన్సా అక్షరాలకి 'ప్రతి రాత్రీ ఏదో ఒక ఘోరం' అని సైనికులే అర్థం చెప్పుకునేవారు. బేస్ క్యాంపుల్లో, పెద్ద ఊళ్ళల్లో మాత్రం పూర్తి నాటకాలు నడిచాయి. బ్రిటిష్ నటులు జెఫ్రీ కెండల్, లారా కెండల్ దంపతులు భారతదేశానికి మొదట వచ్చింది అలా ఎన్సా నాటకాలతోనే. యుద్ధం తర్వాత మళ్ళీ వచ్చి షేక్స్‌పియరానా బృందంతో దేశమంతా తిరిగారు. వాళ్ళమ్మాయి జెన్నిఫర్‌నే శశి కపూర్ పెళ్ళి చేసుకున్నారు. మన సినిమాకి, నాటకానికి ఎన్సా నుంచి ఇంత దగ్గరి దారి ఉంటే, మీ వ్యాసంలో దానికి ఒక వాక్యమైనా లేదు.

ఆసుపత్రి వార్డుల్లో పద్ధతే వేరు. అక్కడ వేదిక ఉండదు, మంచాల మధ్య నడవాలి. గొంతు తగ్గించాలి, ఒక్కో మంచం దగ్గర ఒక్కో పాట, తలకి దెబ్బ తగిలినవాళ్ళున్న వైపు డప్పూ చప్పట్లూ వద్దు. రోజుకి ఒక పెద్ద ఆటతోపాటు రెండు వార్డులు తిరిగితే గాయకుల గొంతు రెండు వారాలకే బొంగురుపోతుంది. ఆ సమయంలో బలవంతాన పాడించిన నిర్వాహకుడు మిగతా పర్యటనంతా రద్దు చేసుకోవాల్సి వస్తుంది.

ఇదంతా చదివితే మన పక్క ఎవరికైనా బుర్రకథ గుర్తుకు రావాలి. కథకుడు, రెండు వైపులా వంతలు: ముగ్గురే మనుషులు. తంబుర, రెండు డక్కీలు, అందెలు. తెర అక్కర్లేదు, పియానో అక్కర్లేదు, మైకు లేకపోయినా గొంతు చేరుతుంది, హాస్యం వంత ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి మళ్ళీ ఎత్తుకుంటాడు. లారీ స్టేజికి ఇంతకంటే అమరిన కళ మరొకటి మాకు తోచదు. ఆ యుద్ధకాలంలోనే, 1943లో మొదలైన ప్రజానాట్యమండలి బుర్రకథని ఎలా వాడుకుందో, బెంగాల్ కరువు మీద నాజర్ చెప్పిన కథ జనాన్ని ఎలా కదిలించిందో తెలుగువాళ్ళకి తెలిసిందే. అప్పుడు మద్రాసులో సినిమా పరిస్థితి బాగాలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు పడ్డాయి, ముడి ఫిలిం దొరకడం కష్టమైంది, సినిమా నిడివి 11,000 అడుగులు దాటకూడదని ప్రభుత్వం కట్టడి చేసింది. నిమిషానికి 90 అడుగుల లెక్కన అది రెండు గంటలు. యుద్ధకాలపు నటుల మీద తెలుగులో వ్యాసం రాస్తే ఈ భాగం తప్పకుండా ఉండాలి.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ పని ఆగలేదు. సునీల్ దత్, నర్గీస్ అజంతా ఆర్ట్స్ బృందాన్ని సరిహద్దులకి తీసుకెళ్ళి జవాన్ల ముందు కార్యక్రమాలు చేశారు. ఇప్పుడు మన జిల్లాల నుంచి బృందమేదైనా లేహ్ వైపు యూనిట్లకి వెళ్ళాల్సి వస్తే ఒక్క మాట. అక్కడ ఎత్తు దాదాపు 11,500 అడుగులు. సైన్యం తన జవాన్లకే మొదటి ఆరు రోజులు అలవాటు పడటానికి కేటాయిస్తుంది, అందులో మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి. దిగిన రోజు సాయంత్రమే పద్యం ఎత్తుకుంటే చివరి రాగానికి ఊపిరి అందదు, తల తిరుగుతుంది. ఆ ఆరు రోజులు కలుపుకునే ప్రయాణం వేసుకోవాలి, రాగం నిడివి కూడా తగ్గించుకోవాలి.

ఇక మీ వ్యాసంలో అన్నిటికంటే మనసు నొప్పించిన చోటు గౌరవ ర్యాంకుల గురించి. సినిమా నటులకి టెరిటోరియల్ ఆర్మీలో ఇచ్చే గౌరవ ర్యాంకునీ, సైన్యంలో 'హానరరీ కెప్టెన్' అనే ర్యాంకునీ కలిపేశారు. 2009లో మోహన్‌లాల్ గారికి ఇచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ హోదా మొదటి రకం. అది ఆయన పట్ల సైన్యం చూపిన గౌరవం, అందులో తప్పేమీ లేదు. రెండోది సిపాయిగా చేరి, నాయక్, హవల్దార్, నాయబ్ సుబేదార్, సుబేదార్ మెట్లన్నీ ఎక్కి, దశాబ్దాల సర్వీసు చివర్లో జనవరి 26కో ఆగస్టు 15కో ప్రకటించే జాబితాలో పేరొస్తే దక్కేది. మా పక్క పల్లెల్లో ఇంటి గేటు మీద 'హానరరీ కెప్టెన్' అన్న బోర్డు కనిపిస్తే దాని వెనక సరిహద్దుల్లో గడిచిన యవ్వనమంతా ఉంటుంది. కెప్టెన్ రాజు గారిది మూడో రకం. ఆయన సైన్యంలో కమిషన్డ్ ఆఫీసరుగా పనిచేసి తర్వాత సినిమాల్లోకి వచ్చారు, తెలుగులోనూ వేషాలు వేశారు. ఆయన పేరు ముందున్న కెప్టెన్ బిరుదు కాదు, ఉద్యోగం. ఇంకొకటి: 'రిటైర్డ్' అన్న మాట పేరు తర్వాత రావాలి, ర్యాంకు తర్వాత కాదు. రిటైరయ్యేది మనిషి, ర్యాంకు కాదు.

జిల్లా విలేకరులు ఇకమీదట ఇలాంటి వ్యాసం రాసేముందు నాలుగు సంగతులు కనుక్కుంటే చాలు. ఏ సర్వీసు, ఏ యూనిట్? చేరింది ఏ హోదాలో, బయటికొచ్చింది ఏ హోదాలో? ఆ యూనిట్‌లో ఇచ్చిన డ్యూటీ ఏమిటి? తేదీలేమిటి? మన జవాన్ల విషయంలో ఇవన్నీ డిశ్చార్జి బుక్కులోనే ఉంటాయి, ఇంటివాళ్ళని అడిగితే తెచ్చి చూపిస్తారు. అనుమానం తీరకపోతే ఒంగోలు, నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. కళాకారుల విషయంలో ఫొటోలోని యూనిఫాం చూసి తీర్మానించకుండా, భుజం మీది పట్టీ ఏ సంస్థదో చదవాలి.

వచ్చే ఆదివారం సవరణ వేయమని కోరుతున్నాం. అందులో హాకిన్స్ పేరు ముందు కల్నల్ అని వేయండి, ఆ కల్నల్ ఏ పని చూశారో కూడా పక్కనే రాయండి. సెల్లర్స్‌ని ఎయిర్‌మన్ అనండి, డ్రమ్స్ వాయించారని రాయండి. ఫౌజీ దిల్‌ఖుష్ సభ పేరు ఒక్కసారైనా అచ్చులో కనిపించాలి.

ఇట్లు,
స్టేజి పని తెలిసిన కొందరు నాటకాభిమానులు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా